వెంట్రుక మందం లేని గాడి



మొన్న మార్చి నెలలో ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన గోడకు ఆనించి ఒక అట్ట గొట్టం ఉంది. మూరన్నరకు మించిన పొడవు, మణికట్టంత లావు. ఎత్తితే రెండు కిలోలకు పైనే బరువు. లోపల ఏముందో నాకు తెలుసు. ఏడు నెలలుగా దాని కోసమే ఎదురుచూస్తున్నాను. అయినా తొందరపడలేదు. కాళ్లూ చేతులూ కడుక్కుని, టేబుల్ లైటు వేసుకుని, కింద పాత తువ్వాలు పరిచి, అప్పుడు మూత తీశాను.

అది రైఫిల్ బ్యారెల్. తుపాకి గొట్టం. పొడవు ఇంత, లావు ఇంత, లోపల మెలి ఇంత అని చెప్పి నా కోసం చేయించుకున్నది. ఇవాళ దాని గురించే మీతో మాట్లాడతాను.

తుపాకి మాట వినగానే చాలామందికి మనసు వెనక్కి తగ్గుతుంది. ఆ జంకు మంచిదే. నేను చెప్పేది ఆటకు వాడే తుపాకి సంగతి. మీలో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో ఉన్నవాళ్లు పాయింట్ టూటూ రైఫిల్ కాల్చే ఉంటారు. దాదాపు ఆ తూటానే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీలోనూ కాలుస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహారాష్ట్ర కుర్రాడు స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఆ తూటాతోనే. టార్గెట్ కాగితం మీద పది మార్కుల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. పెద్ద కాబూలీ శనగగింజ ఎంత ఉంటుందో అంత. ప్రోన్ పోటీలో దాన్ని 50 మీటర్ల దూరం నుంచి, దుర్భిణి లేకుండా, బోర్లా పడుకుని అరవై సార్లు కొట్టాలి. నేను ఆదివారాలు ఆడే ఆట ఇదే.

నేనుండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిల్వాకీకి దగ్గర్లో. ఒక కర్మాగారంలో తయారైన భాగాల కొలతలు చూసే ఉద్యోగం. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో టర్నర్. ముప్పై ఏళ్లు లేత్ మిషను ముందు నిలబడి మమ్మల్ని చదివించాడు. సిలిండర్ బోరింగ్ అయిపోయాక మైక్రోమీటరు పెట్టి చూసేవాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, చిటికెన వేలు లోపలికి పోనిచ్చి నెమ్మదిగా తిప్పేవాడు. ఎందుకు నాన్నా అని అడిగితే ఒక్కటే మాట: "ఒరేయ్, ఎంతుందో మైక్రోమీటరు చెబుద్ది. ఎట్టా ఉందో వేలే చెప్పాల."

ఈ బ్యారెల్ లోపలికి చిటికెన వేలు పోదు. లోపలి రంధ్రం ఐదున్నర మిల్లీమీటర్లే. అయినా ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది నాన్న వేలే.

లోపల ఏముంటుందో ముందు చెబుతాను. రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా మెలితిరిగిన సన్నని గాడులు ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య మిగిలిన మిట్టను గట్టు అనుకుందాం, మన పొలం గట్టులాగా. గట్లు గుండు మెత్తని సీసంలోకి దిగి దాన్ని తమతో పాటు తిప్పుతాయి. తాడు చుట్టి వదిలిన బొంగరం ఒరిగిపోకుండా నిలబడ్డట్టే, తిరుగుతూ బయటికొచ్చిన గుండు ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది.

నా గొట్టంలో మెలి 16 అంగుళాలకు ఒక చుట్టు. పాయింట్ టూటూకు చాలాకాలంగా స్థిరపడిన లెక్క ఇదే. బిగించాక గొట్టం పొడవు 26 అంగుళాలు. అంటే గుండు లోపల తిరిగేది ఒక చుట్టూ, ఇంకో అరచుట్టు పైన కొంచెం. అంతమాత్రానికే బయటపడేసరికి నిమిషానికి 47 వేల చుట్ల వేగం అందుకుంటుంది. ఆ కొద్ది దూరంలో దానికి ఏ కుదుపు తగిలినా, ఎక్కడైనా పట్టు వదులైనా, 50 మీటర్ల అవతల కాగితం మీద తెలిసిపోతుంది.

ఇక గాడి లోతు. రెండున్నర థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతని వర్క్‌షాపుల్లో పనిచేసిన శ్రోతలకు చెప్పక్కర్లేదు. మన తల వెంట్రుక మందం సుమారు మూడు థౌలు ఉంటుంది. వెంట్రుక కన్నా తక్కువ లోతున్న ఆరు గాడులు, రెండడుగుల పైచిలుకు ఉక్కులో, మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే లోతుతో ఉండాలి. ఎక్కడా లోతు పెరగకూడదు, తరగకూడదు. ఈ పని ఎంత గొప్పదో తెలియాలంటే ఒక్కసారైనా లేత్ ముందు నిలబడి ఉండాలి.

గాడులకు మన చరిత్రలోనూ చోటుంది. 1857 నాటికి సిపాయిల చేతికి వస్తున్న కొత్త ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టంలో మూడు గాడులు, 78 అంగుళాలకు ఒక చుట్టు మెలి. గొట్టం 39 అంగుళాలు. అంటే గుండు సరిగ్గా అరచుట్టు తిరిగి బయటపడేది. అంతకుముందు వాళ్లు వాడిన మస్కెట్ గొట్టం లోపల నున్నన. కొత్త గొట్టంలోకి మూతివైపు నుంచి గుండు దిగాలి. మందు మసి పేరుకున్నా ఇరుక్కోకుండా జారాలి. అందుకని తూటా కాగితానికి కొవ్వు పూసేవారు. ఆ కొవ్వు ఏ జంతువుదన్న ప్రశ్న ఏమైందో మనందరం స్కూల్లో చదువుకున్నదే. దాని వెనక ఉన్నది ఈ మూడు గాడులని మాత్రం నాకు ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు.

గాడులు తీయడానికి పాత పద్ధతి, ఒక చిన్న కొక్కెం లాంటి పనిముట్టుతో గోకడం. ఒక్క లాగుడుకు వచ్చే ఉక్కు థౌలో పదో వంతు. ఒక గొట్టం పూర్తి కావాలంటే వందల సార్లు లాగాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల నాటి ప్రాట్ అండ్ విట్నీ మిషన్ల మీద ఇప్పటికీ ఈ పని చేసేవాళ్లున్నారు. మా విస్కాన్సిన్ రాష్ట్రం ఈ విద్యకు పుట్టిల్లులాంటిది. గాడికి ఎదురుగా గాడి కాకుండా గట్టు వచ్చేలా ఐదు గాడుల పద్ధతిని తీర్చిదిద్దిన బూట్స్ ఓబర్‌మయర్ ఇక్కడివాడే. ఇంకో పద్ధతిలో గట్టి కార్బైడ్ గుబ్బను రంధ్రంలోంచి బలంగా లాగుతారు; గాడులు ఒక్కసారే నొక్కుకుపోతాయి. నాది ఈ రకం. లాగిన తర్వాత ఉక్కులో మిగిలిన బిగువు పోవడానికి కాల్చి చల్లారుస్తారు. చివరగా, గొట్టంలోనే సీసం పోసి అచ్చు తీసి, దానికి నూనె, సన్నని రాపిడి పొడి పూసి, చేత్తో ముందుకీ వెనక్కీ తోస్తూ లోపలంతా నునుపు చేస్తారు. దీన్నే ల్యాపింగ్ అంటారు. అసలు డబ్బు తీసుకునేది ఈ పనికే. తీసుకోవాలి కూడా.

అట్ట గొట్టంలోంచి బ్యారెల్ బయటికి తీశాక, ఒక చివర తెల్ల కాగితం పెట్టి, దాని మీద లైటు పడేలా చేసి, రెండో చివర కన్ను ఆనించి చూశాను. గొట్టం వంకరగా ఉంటే లోపల కనబడే వెలుగు వలయాలు ఒకపక్కకు ఒరుగుతాయి. నాకు కనబడ్డవి ఒకదానిలో ఒకటి పెట్టినట్టు, చెరువులో రాయి వేస్తే లేచే అలల్లా ఉన్నాయి. గాడుల మీద పొడవునా సన్నని బూడిదరంగు గీతలున్నాయి. అద్దంలా తళతళలాడే మెరుపు లేదు. అది చూసి నాకు నమ్మకం కుదిరింది. ల్యాపింగ్ చేసిన చేతి ఆనవాళ్లు ఆ గీతలే. మరీ మెరిసే గొట్టాన్ని చూస్తే నాకు కొంచెం అనుమానం.

దాన్ని బిగించే పనివాడు మా ఊరికి నలభై నిమిషాల దూరంలో ఉంటాడు. డెబ్బై దాటిన పెద్దాయన. ఇంటి వెనక షెడ్డు, ఒక లేత్, ఒక మిల్లింగ్ మిషను, గోడ నిండా రీమర్లు. అమెరికా చట్టంలో గొట్టం బిగించే యంత్రభాగం, అంటే సీరియల్ నంబరున్న రిసీవరే తుపాకి కింద లెక్క. బ్యారెల్ విడిభాగం కాబట్టి పార్సిల్‌లో ఇంటికి వస్తుంది. మన దేశంలో అలా కుదరదు. 1959 ఆయుధాల చట్టం తుపాకి భాగాలను కూడా తుపాకి నిర్వచనంలోనే చేర్చింది. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ ఆర్డరు పెట్టేయవచ్చని ఎవరూ అనుకోకండి.

పెద్దాయన గొట్టాన్ని బెంచీ మీద బిగించి, లోపల నూనె గుడ్డ ఒకసారి పోనిచ్చి, చిన్న సీసపు ముద్దను ఒక చివర పెట్టి చెక్కసుత్తితో తట్టాడు. అది గాడుల్లో కూర్చుంది. తర్వాత ఇత్తడి కడ్డీ నా చేతికిచ్చాడు. "తొయ్యి. ఏం తెలిసిందో చెప్పు" అన్నాడు.

తోశాను. శ్రోతలారా, ఆ అనుభవం మాటల్లో పెట్టడం కష్టం. సీసం కదిలినంతసేపూ ఒకటే పట్టు. మంచి నెయ్యి సగం పేరుకున్నప్పుడు గరిటె తిప్పితే చేతికి ఎలా తెలుస్తుందో అలా, మెత్తగా, ఎడతెగకుండా. చివర ఇంకో అంగుళం ఉందనగా కడ్డీ ఒక్కసారిగా తేలికై ముందుకు జారింది. "ఇక్కడ వదులైంది" అన్నాను. ఆయన తల ఊపి సరిగ్గా అక్కడ నల్ల మార్కరుతో గీత గీశాడు. ల్యాపింగ్‌లో రెండు చివరలూ కొంచెం వెడల్పవుతాయట. అందుకే గొట్టాన్ని ముందే రెండంగుళాలు ఎక్కువ పొడవు పంపుతారు. మూతి ఎక్కడ కోయాలన్నది టేపు పెట్టి కొలిచి నిర్ణయించలేదు. నా చెయ్యి చెప్పిన చోట కోశాడు. నాన్న మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు ఎక్కడా దొరకలేదు.

ఆ తర్వాత పని లేత్ మీద. నాలుగు దవడల చక్కులో గొట్టాన్ని పట్టి, లోపలి రంధ్రానికి డయల్ పెట్టి సెంటర్ పట్టాడు. బయటి వైపు సెంటరైతే చాలదు. రంధ్రం నడిమి చుట్టూనే గొట్టం మొత్తం తిరగాలి. ఒక దవడ వదులు చేసి, ఎదుటి దవడ బిగించి, ముల్లు చూసి, మళ్లీ వదులు చేసి, మళ్లీ బిగించి, ముల్లు ఊగడం మానేదాకా నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మరలు కోశాడు. రీమర్‌తో తూటా కూర్చునే గదిని తొలిచాడు. కొన్ని థౌలు దిగగానే రీమర్ బయటికి తీసి, చిప్స్ తుడిచి, నూనె రాసి, మళ్లీ దించాడు. పాయింట్ టూటూ తూటా తన అడుగు అంచు మీద ఆనుకుని నిలబడుతుంది. ఆ అంచుకు వదిలే చోటు 43 థౌలు. మరీ ఎక్కువైతే తూటా ఊగుతుంది, మరీ తక్కువైతే బోల్టు మూసుకోదు.

చివరగా మూతి. గుండు గొట్టాన్ని ఆఖరుసారి తాకేది అక్కడే. ఆ అంచు ఒకపక్క కొంచెం మొరటుగా ఉన్నా, ఆ పక్క నుంచి గ్యాసు ముందుగా తప్పించుకుని గుండును ఒరగదోస్తుంది. మూతి చెక్కాక ఆయన చెవి శుభ్రం చేసుకునే దూది పుల్ల ఒకటి తీశాడు. లోపలికి పెట్టి, గాడి వెంట బయటికి లాగాడు. ఆరు గాడులకు ఆరుసార్లు. దూదిపోగు ఒక్కటి కూడా అంచుకు చిక్కుకోలేదు. పుల్ల నా చేతిలో పెట్టి "ఇక నీది" అన్నాడు.

ఆయన షెడ్డు గోడకు ఒక పాత ఫోటో ఉంటుంది. తెల్లగడ్డం ముసలాయన, చుట్టూ చిందరవందరగా పనిముట్లు. హ్యారీ పోప్. 1861లో పుట్టాడు. గొట్టాలు చేసే విద్యలో అమెరికాలో ఆయనంతటి పేరు ఇంకొకరికి రాలేదు. ఎనిమిది గాడులు, మొదట్లో వదులుగా మొదలై మూతివైపు పోనుపోనూ బిగుసుకునే మెలి, ఇవి ఆయన గుర్తులు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్తగా షాపు పెట్టుకుంటే, ఆ ఏప్రిల్‌లో వచ్చిన భూకంపం, దాని వెంట లేచిన మంటలు మొత్తం తుడిచిపెట్టేశాయి. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. తూర్పు తీరానికి వచ్చి జెర్సీ సిటీలో మళ్లీ మొదలుపెట్టాడు. 1950లో పోయేదాకా ఆ పనే ఆయన లోకం. ఆయన చేసిన గొట్టం కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు, ఎదురుచూడ్డానికి ఇష్టపడేవారు. నేను ఏడు నెలలు ఆగినందుకే నన్ను ఓపిక ఉన్నవాణ్ని అనుకున్నాను. ఆ ఫోటో ముందు నిలబడ్డాక ఆ మాట ఇంకెప్పుడూ అనుకోలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం రేంజ్‌కి తీసుకెళ్లాను. ఐదు డిగ్రీల చలి. గాలి లేదు. నేను తప్ప ఇంకో ఇద్దరే ఉన్నారు. చాప పరిచి, బెల్టు తగిలించుకుని, మొదటి తూటా పెట్టి బోల్టు మూశాను. మూసేటప్పుడు చివర్లో అరచేతికి చిన్న అడ్డం తగిలింది. నెట్టితే మెత్తగా దిగింది. అనుమానం వచ్చి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి, బోల్టు తీసి ఆ తూటాను కాల్చకుండానే బయటికి లాగాను. సీసం ముక్కు చుట్టూ, మొదలు దగ్గర, ఆరు సన్నని గీతలు పడి ఉన్నాయి. చిన్నపిల్లల గోటితో నొక్కినట్టుంది. తూటా గది ఎంత బిగువుగా కుదిరిందంటే, కాల్చకముందే గుండు గట్ల మీద కూర్చుంటోంది. గుండు ఎగిరి వెళ్లి గాడిలో పడక్కర్లేదు, బయలుదేరేదే గాడిలోంచి. నా తొలి అభిప్రాయం ఏమిటని అడిగితే, నేను చూపించేది ఆ తూటానే. దాన్ని పక్కన పెట్టి దాచుకున్నాను.

తర్వాత కాగితం మీద జరిగింది వేరు.

మొదటి ఐదు తూటాల గుంపు, బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే, 11 మిల్లీమీటర్లు. ఒకే చిరుగులా కనబడింది. ఫోటో తీసి మిత్రులకు పంపాలని చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. ఆగాను. తర్వాతి గుంపు 25. ఆ తర్వాతది 23. పదేసి కాలిస్తే 28, 26. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. పది మార్కుల వలయం 10.4 మిల్లీమీటర్లు, గుండు అడ్డకొలత 5.6. గీత తాకినా పదే కాబట్టి, గుంపు మొత్తం 21.6 మిల్లీమీటర్లు దాటకుండా, సరిగ్గా నడిమధ్యన పడితేనే అన్నీ పదులవుతాయి. 28 అంటే తొమ్మిదులు తప్పవు. నా పాత గొట్టం, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, తొమ్మిదేళ్లు వాడింది, పది తూటాలకు సగటున 18 ఇచ్చేది. దాదాపు వెయ్యి డాలర్లు పోసి, ఏడు నెలలు ఆగి, పాతదాని కన్నా హీనమైనది తెచ్చుకున్నానా అని గుండె బరువెక్కింది. గొట్టం చేసినవాళ్ల మీద కోపం కూడా వచ్చింది. దాచడం ఎందుకు?

సాయంత్రం పెద్దాయనకు ఫోను చేశాను. అంతా విని మూడు ప్రశ్నలు వేశాడు. ఎన్ని కాల్చావు? నలభై లోపే. తూటాలు ఏ లాట్? పాత గొట్టానికి నప్పినవే. స్క్రూలు దేనితో బిగించావు?

మూడో ప్రశ్న దగ్గర నా దగ్గర జవాబు లేదు. యంత్రభాగాన్ని చెక్కదిమ్మెకు పట్టి ఉంచేవి రెండు స్క్రూలు. నేను వాటిని చేతి ఆనవాలుతో బిగించాను. టార్క్ రెంచి పెట్టలేదు. ఫ్యాక్టరీలో మా పిల్లలు ఎవరైనా ఇలా చేస్తే నేను ఊరుకోను. చూస్తే వెనక స్క్రూ పావుచుట్టు వదులుగా ఉంది. ప్రతి తూటాకూ యంత్రం చెక్కలో రవ్వంత జరుగుతోంది. పాపం, గొట్టం చేసిన తప్పేమీ లేదు.

మిగతా రెండు ప్రశ్నలకూ అర్థం ఉంది. పాయింట్ టూటూ సీసపు గుండుకు మైనం లాంటి పూత ఉంటుంది. కొత్త గొట్టంలో గానీ, బాగా తుడిచిన గొట్టంలో గానీ ఆ మైనం పొర లోపలంతా సమంగా పరుచుకునేదాకా గుళ్లు అటూ ఇటూ తిరుగుతాయి.  ఇక లాట్ సంగతి ఈ ఆటలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర. కానీ పెట్టె మీద ముద్రించిన లాట్ నంబరు మారితే ఫలితం మారుతుంది. ఒక గొట్టానికి ప్రాణమైన లాట్ ఇంకో గొట్టానికి గిట్టకపోవచ్చు. ఎందుకని అడిగితే గుండు వేగం, పూత, సీసం కొలత, గొట్టం వణుకు అని నాలుగు కారణాలు చెప్పగలం. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో ముందుగా చెప్పగలవాడు మాత్రం లేడు. అందుకే తూటాల కంపెనీలు పరీక్షా కేంద్రాలు నడుపుతాయి. లాపువా కంపెనీకి జర్మనీలో షోనెబెక్ అనే ఊళ్లో ఒకటి ఉంది. దేశదేశాల షూటర్లు తమ తుపాకి అక్కడికి మోసుకెళ్లి, దిమ్మెకు బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, నప్పినదాన్నే పెట్టెలకొద్దీ కొనుక్కుంటారు.

నేనంత దూరం పోలేదు. స్క్రూలు టార్క్ రెంచితో బిగించి, ఐదు లాట్ల నుంచి ఒక్కో పెట్టె తెచ్చుకుని, మూడు ఆదివారాలు కాల్చాను. ఒక్కో లాట్‌లో మొదటి పది తూటాలు లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత పదేసి చొప్పున నాలుగు గుంపులు. వెర్నియర్‌తో కొలిచి, నాన్న వాడినలాంటి పొడుగాటి లెడ్జరు పుస్తకంలో రాశాను. సగటులు ఇవి: 22, 21, 19, 17, 15. ఒకే గొట్టం, ఒకే చెయ్యి. తేడా ఏడు మిల్లీమీటర్లు. అన్నిటికన్నా ఖరీదైన పెట్టె వచ్చింది 19 దగ్గర. 15 వచ్చినది దానికన్నా ఒక మెట్టు తక్కువ ధరది.

ఇప్పటికి ఆరు వందలకు పైగా కాల్చాను కాబట్టి నా అభిప్రాయం చెప్పవచ్చు. పాతదానికీ దీనికీ తేడా మూడు మిల్లీమీటర్లు. వినడానికి చిన్నది. వలయం 10.4 ఉన్న ఆటలో అది చిన్నది కాదు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పాత గొట్టం చివరి రెండేళ్లలో ఒక తూటా తొమ్మిదిలోకి పోతే తప్పు నాదా, గొట్టానిదా అని మనసు ఊగేది. ఆ ఊగిసలాటతోనే తర్వాతి తూటా కూడా పాడయ్యేది. ఇప్పుడు తొమ్మిది పడితే ఊపిరి ఎక్కడ తప్పిందో, వేలు ఎక్కడ తొందరపడిందో వెతుక్కుంటాను. వెతికితే దొరుకుతోంది. నేను పోసిన డబ్బుకు నాకు అందినది ఇదే, ఇది న్యాయమైన బేరమని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మన దేశంలో ఈ ఆట ఎదిగిన తీరు చూస్తే నాకు ఎంతో సంతోషం. 2010లో మ్యూనిక్‌లో తేజస్విని సావంత్ 50 మీటర్ల ప్రోన్ పోటీలో ప్రపంచ విజేత అయింది. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో జాయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగాడు. పతకానికి ఒక్క మెట్టు కింద. ఆ తేడా ఎంత సన్ననిదో ఈ ఆట ఆడేవాళ్లకు తెలుసు.

అందుకే హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, ఇంకెక్కడైనా క్లబ్బు రైఫిల్‌తో సాధన చేస్తున్న పిల్లలకూ, వాళ్ల కోసం అప్పు చేస్తున్న తల్లిదండ్రులకూ ఒక మనవి. గుంపు చెదిరితే వెంటనే గొట్టం పాడైందని ఎవరు చెప్పినా నమ్మకండి. ముందు స్క్రూలు టార్క్ రెంచితో చూడండి. గొట్టం తుడిచి, మళ్లీ మైనం పట్టేదాకా కాల్చనివ్వండి. దొరికినన్ని లాట్లు తెప్పించి, ఐదేసి కాదు, పదేసి కాల్చి, కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాయండి. రెండు నెలల రాత ముందు పెట్టుకుని చూశాక కూడా గొట్టమే కారణమని తేలితే, అప్పుడు డబ్బు తీయండి.

నాకు జూన్ రెండో ఆదివారం పోటీ ఉంది. 15 మిల్లీమీటర్లు ఇచ్చిన లాట్‌లో రెండు వేల తూటాలు కొని పెట్టుకున్నాను.